గిట్ అన్‌ప్యాక్-ఆబ్జెక్ట్స్‌ను పార్స్-ఆప్షన్స్‌కి మార్చిన ప్యాచ్: రివ్యూలో ఏమేం చూడాలి?

గోదారిగట్టు (ప్రశ్న)

మా దగ్గర గిట్ 2.49 ఆధారంగా ఒక అంతర్గత ఫోర్క్ ఉంది. అందులో బిల్టిన్/అన్‌ప్యాక్-ఆబ్జెక్ట్స్.సీ (ప్యాక్ ఫైల్‌ను విడి వస్తువులుగా విప్పే కమాండ్) మీద ఒక ప్యాచ్ రివ్యూకి వచ్చింది. పాత కోడ్‌లో ఆర్గ్‌వీ మీద చేత్తో రాసిన ఫర్ లూప్ ఉంది. ఒక్కో ఆప్షన్‌ను స్ట్ర్‌కంప్‌తోనో స్కిప్_ప్రిఫిక్స్‌తోనో పోల్చి, దేనికీ కలవకపోతే యూసేజ్ చూపించి బయటికి వచ్చేస్తుంది. ప్యాచ్ ఆ లూప్‌ను తీసేసి, ఆప్షన్లు చదవడానికి గిట్‌లోనే ఉన్న పార్స్_ఆప్షన్స్ పెట్టింది. పేర్లన్నీ పలికే తీరులో తెలుగులోనే రాస్తున్నాను, సోర్స్ పక్కన పెట్టుకుంటే తేలిగ్గా పోల్చుకోవచ్చు.

ఆప్షన్ల పట్టీ ఇది (సహాయ వాక్యాలు వదిలేశాను):

ఆప్ట్__డ్రై_రన్(&డ్రై_రన్),
ఆప్ట్__క్వయట్(&క్వయట్),
ఆప్ట్_బూల్('ఆర్', "రికవర్", &రికవర్),
ఆప్ట్_కాల్‌బ్యాక్_ఎఫ్(0, "స్ట్రిక్ట్", పార్స్_ఆప్ట్_ఆప్ట్‌ఆర్గ్, స్ట్రిక్ట్_సీబీ),
ఆప్ట్_కాల్‌బ్యాక్(0, "ప్యాక్_హెడర్", ప్యాక్_హెడర్_సీబీ),
ఆప్ట్_ఇంటీజర్(0, "మాక్స్-ఇన్‌పుట్-సైజ్", &మాక్స్_ఇన్‌పుట్_సైజ్),
ఆప్ట్_ఎండ్()

స్ట్రిక్ట్ కాల్‌బ్యాక్ మూడే వాక్యాలు: స్ట్రిక్ట్ = 1; ఆర్గ్ ఉంటే ఎఫ్‌ఎస్‌సీకే (వస్తువుల తనిఖీ) సందేశ రకాలు పెట్టే ఎఫ్‌ఎస్‌సీకే_సెట్_ఎంఎస్‌జీ_టైప్స్ పిలవడం; రిటర్న్ 0. రెండు కాల్‌బ్యాకుల్లోనూ 'అన్‌సెట్' పారామీటర్ పక్కన అన్‌యూజ్డ్ (దీన్ని వాడటం లేదని కంపైలర్‌కి చెప్పే గుర్తు) అని పెట్టారు. పట్టీ తర్వాత ఒకే ఒక్క పిలుపు: ఆర్గ్‌సీ = పార్స్_ఆప్షన్స్(...). వెంటనే అసలు పని మొదలైపోతుంది.

డెవలపర్=1 పెట్టి బిల్డ్ చేస్తే హెచ్చరిక ఒక్కటీ లేదు. టీ5300, టీ5504, టీ5546 టెస్టులు పాసయ్యాయి. చూడటానికి శుభ్రంగానే ఉంది, లైన్లు కూడా తగ్గాయి. ఓకే చెప్పేయొచ్చా, లేక నా కంటికి ఆననిది ఏమైనా ఉందా?

---

అర్ధవిరామం

ఓకే చెప్పకండి. మీరు అతికించినంత మేరకే నాలుగు తప్పులు కనిపిస్తున్నాయి. అందులో ఒకటి డేటా పరిమితిని చప్పుడు లేకుండా ఎత్తేస్తుంది.

ముందొక మాట. ఇలాంటి ప్యాచ్ రివ్యూలో "పాత పిలుపులన్నీ ఇంకా పనిచేస్తున్నాయా" అని చూడటంతో పని అయిపోదు, అది టెస్టులు చూసుకుంటాయి. మనం చూడాల్సింది, పాత లూప్ గెంటేసిన రూపాల్లో ఇప్పుడు ఏవేవి లోపలికి వస్తున్నాయన్నది. చేతి లూప్‌కి తెలిసినవి ఏడు రూపాలే. పార్స్_ఆప్షన్స్ మాత్రం ప్రతి పొడవాటి పేరుకీ అడక్కుండానే ఒక 'నో-' రూపాన్ని, తల భాగం రాస్తే చాలనే సంక్షిప్త రూపాన్ని, విలువను ఖాళీ తర్వాత విడిగా ఇచ్చే వీలును తోడు తెస్తుంది. కుండలో కూడు కుండలోనే ఉండాలంటే వీటన్నిటికీ జవాబు ఉండాలి.

ఇక వరసగా.

స్ట్రిక్ట్. విలువ ఇచ్చినా ఇవ్వకపోయినా చెల్లనిచ్చే ఆప్ట్‌ఆర్గ్ ఫ్లాగ్ పెట్టడం సరైనదే. పుష్‌ను అందుకునే రిసీవ్-ప్యాక్ నుంచి ఇది రెండు తీరుల్లో వస్తుంది: ఉత్త --స్ట్రిక్ట్, లేదా --స్ట్రిక్ట్= తర్వాత సందేశ రకాల జాబితా. కానీ 'నో-' రూపాన్ని ఆపే నోనెగ్ ఫ్లాగ్ లేదు. దాంతో --నో-స్ట్రిక్ట్ అనేది ఇప్పుడు చెల్లే ఆప్షన్ అయింది. అది ఇచ్చినప్పుడు కాల్‌బ్యాక్‌కి అన్‌సెట్ = 1, ఆర్గ్ = నల్ అందుతాయి. మీ కాల్‌బ్యాక్ అన్‌సెట్ వైపు చూడదు కాబట్టి స్ట్రిక్ట్ = 1 అంటుంది. వద్దన్నవాడికి అదే వడ్డిస్తోంది! సెగ్‌ఫాల్ట్ అయితే కనీసం ఎవరో ఒకరు గోల చేస్తారు, ఇది అదీ చేయదు.

స్ట్రిక్ట్ = !అన్‌సెట్ అని మార్చితే సరిపోతుందనిపిస్తుంది గానీ, ముందు వచ్చిన --స్ట్రిక్ట్=... వల్ల ఎఫ్‌ఎస్‌సీకే ఆప్షన్లలో చేరిన సందేశ రకాలు అక్కడే మిగిలిపోతాయి. తర్వాత మళ్ళీ --స్ట్రిక్ట్ వస్తే పాత జాబితా కూడా అమల్లో ఉంటుంది. ఆ చిక్కు మనకెందుకు? ఆప్ట్‌ఆర్గ్‌తో పాటు నోనెగ్ పెట్టి, కాల్‌బ్యాక్ మొదటి లైన్‌గా బగ్_ఆన్_ఆప్ట్_నెగ్(అన్‌సెట్) రాయించండి. రెండూ కావాలి. బగ్_ఆన్ అనేది ఉత్త కాపలా. నోనెగ్ మరిచిపోయి అదొక్కటే పెడితే వాడేవాడి ముఖాన ప్రోగ్రాం అబార్ట్ అవుతుంది.

ప్యాక్_హెడర్. ఇక్కడా అదే కథ, కాకపోతే గట్టిగా పడుతుంది. --నో-ప్యాక్_హెడర్ ఇస్తే ఆర్గ్ నల్. దాన్ని పార్స్_ప్యాక్_హెడర్_ఆప్షన్‌కి అందిస్తే అది నేరుగా స్ట్ర్‌టూల్‌కి ఇస్తుంది. సెగ్‌ఫాల్ట్. ఇక్కడ కూడా నోనెగ్. ఇది రిసీవ్-ప్యాక్, ఫెచ్-ప్యాక్ లోపల్లోపల వాడుకునే ఆప్షన్, పాత యూసేజ్ లైన్‌లో కూడా లేదు. కాబట్టి హిడెన్ ఫ్లాగ్ కూడా చేర్చండి, లేకపోతే -హెచ్ కొడితే కనబడుతుంది. పేరులోని అండర్‌స్కోర్‌ను చూసి ఎవరికైనా చేతులు దురద పెట్టి హైఫన్‌గా మార్చారేమో చూడండి. పిలిచే వైపు అండర్‌స్కోర్‌తోనే పంపుతుంది.

అన్‌యూజ్డ్. మీరు హెచ్చరికలు లేవన్నారు. అవి రాకుండా నోరు నొక్కింది ఈ అన్‌యూజ్డ్ మాటే. డెవలపర్ బిల్డ్‌లో వాడని పారామీటర్ ఉంటే కంపైలర్ అడుగుతుంది, 'అన్‌సెట్' గురించి కూడా అడిగే ఉంటుంది. రాసినాయన ఆ ప్రశ్నకు జవాబివ్వకుండా చీటీ అతికించారు. ఆప్షన్ కాల్‌బ్యాక్‌లో అన్‌సెట్ పక్కన అన్‌యూజ్డ్ కనిపిస్తే అక్కడ ఆగి, పట్టీలో నోనెగ్ ఉందో లేదో చూడటం అలవాటు చేసుకోండి. నోనెగ్ ఉంటే బగ్_ఆన్_ఆప్ట్_నెగ్ పెట్టడంతో పారామీటర్ వాడినట్టే అవుతుంది, ఆ చీటీ అక్కర్లేదు.

మాక్స్-ఇన్‌పుట్-సైజ్. అసలు ప్రమాదం ఇదే. ఆ వేరియబుల్ రకం ఆఫ్_టీ, 64 బిట్లు. 2.49లో ఆప్ట్_ఇంటీజర్ అడ్రసును వాయిడ్ పాయింటర్‌గా తీసుకుని, లోపల ఇంట్ పాయింటర్ అనుకుని 4 బైట్లు మాత్రమే రాస్తుంది. వాయిడ్ పాయింటర్ కాబట్టి కంపైలర్ కిమ్మనదు. పైగా స్ట్ర్‌టోల్ తెచ్చిన విలువ ఇంట్‌లో పడుతుందా లేదా అన్న తనిఖీ ఆ వెర్షన్‌లో లేదు. 64 బిట్ లినక్స్‌లో, మామూలు ఎక్స్86 యంత్రం మీద ఏమవుతుందో లెక్క కట్టండి:

1 జీబీ అంటే 1073741824 ఇస్తే సరిగ్గానే పడుతుంది.
3 జీబీ (3221225472) ఇస్తే ఇంట్‌గా అది రుణ సంఖ్య. కానీ వేరియబుల్ స్టాటిక్, పై 4 బైట్లు సున్నా, కాబట్టి ఆఫ్_టీగా చదివితే మళ్ళీ 3221225472. అదృష్టం కొద్దీ సరిపోయింది.
4 జీబీ (4294967296) ఇస్తే కింది 32 బిట్లూ సున్నా. ఈ కోడ్‌లో సున్నా అంటే పరిమితి లేదని అర్థం. 4 జీబీ దాటొద్దని పెట్టిన కట్ట తెగిపోయింది.
5 జీబీ (5368709120) ఇస్తే మిగిలేది 1073741824. అంటే పరిమితి 1 జీబీ.

బిగ్-ఎండియన్ యంత్రంలో అయితే ఆ 4 బైట్లు పై సగంలో పడి, 1 ఇస్తే 4294967296 అవుతుంది. టీ5546 ఎందుకు పట్టలేదంటారా? అందులో పరీక్షించే పరిమితులు కిలోబైట్ల స్థాయివి.

ఆప్ట్_మాగ్నిట్యూడ్‌కి మార్చమని ఎవరైనా సలహా ఇవ్వొచ్చు. అది అన్‌సైన్డ్ లాంగ్ రాస్తుంది. 64 బిట్ లినక్స్‌లో 8 బైట్లు, విండోస్‌లో 4 బైట్లే, కాబట్టి అక్కడ పాత గొడవే తిరిగొస్తుంది. పైగా కే, ఎం, జీ ప్రత్యయాలు చెల్లుతాయి. పాత కోడ్ 10ఎం అంటే 10 బైట్లు అనుకునేది, కొత్తది 10485760 అంటుంది. మంచి మార్పే కావచ్చు గానీ ఈ కమిట్‌లో చేయాల్సింది కాదు.

2.49లో నేనైతే ఇలా చేయిస్తాను: ఆప్ట్_స్ట్రింగ్_ఎఫ్‌తో, నోనెగ్ పెట్టి, విలువను ఉత్త స్ట్రింగ్‌గా తీసుకోవడం. పార్సింగ్ అయ్యాక అది నల్ కాకపోతే పాత స్ట్ర్‌టూమాక్స్ లైన్‌నే నడపడం. ప్రవర్తనలో వెంట్రుకవాసి తేడా రాదు. 2.50 నుంచి ఆప్ట్_ఇంటీజర్ వేరియబుల్ వెడల్పును సైజాఫ్‌తో తనే తీసుకుని హద్దులు చూస్తుంది. మీ ఫోర్క్ అక్కడికి వెళ్ళాక ఆ స్ట్రింగ్‌ను తీసేయొచ్చు.

ఆర్గ్‌సీ. పార్స్_ఆప్షన్స్ తర్వాత వెంటనే పని మొదలైందన్నారు. మిగిలిన ఆర్గ్యుమెంట్లను ఎవరూ చూడటం లేదు. పాత లూప్ చివర ఒక కామెంట్ ఉండేది, ఇప్పటికి ఫ్లాగులు కాని ఆర్గ్యుమెంట్లు తీసుకోం, ఏదో ఒక రోజు తీసుకుంటామేమో అన్న అర్థంలో. దాని కింద యూసేజ్. కామెంట్‌తో పాటు ఆ తలుపు కూడా పోయింది. ఇప్పుడెవరైనా 'గిట్ అన్‌ప్యాక్-ఆబ్జెక్ట్స్ ఫలానా.ప్యాక్' అని కొడితే ఫైల్ పేరును పట్టించుకోకుండా స్టాండర్డ్ ఇన్‌పుట్ కోసం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటుంది. ఈ కమాండ్ ప్యాక్‌ను < గుర్తుతో తీసుకుంటుందని మరిచిపోవడం చాలామంది చేసే పొరపాటే, కాబట్టి ఇది కాగితం మీది భయం కాదు. పార్స్_ఆప్షన్స్ తర్వాత, ఆర్గ్‌సీ సున్నా కాకపోతే యూసేజ్_విత్_ఆప్షన్స్ పిలవాలి.

---

గోదారిగట్టు

అన్‌సెట్ పక్కన చీటీ విషయం అసలు తట్టలేదండీ. ప్యాచ్ పూర్తి డిఫ్ మళ్ళీ చూశాను: గిట్.సీని ముట్టుకోలేదు, డాక్యుమెంటేషన్‌నూ ముట్టుకోలేదు. అవసరమా? అలాగే ఆప్ట్__క్వయట్ మీద మీరేమీ అనలేదు, అది సరేనా?

---

అర్ధవిరామం

గిట్.సీ తప్పకుండా. కమాండ్ల పట్టికలో అన్‌ప్యాక్-ఆబ్జెక్ట్స్ వరసలో రన్_సెటప్ పక్కన నో_పార్స్‌ఆప్ట్ అని ఉంటుంది. దాన్ని తీసేయాలి. 'గిట్ --లిస్ట్-సీఎండీఎస్=పార్స్‌ఆప్ట్' జాబితా దాన్ని బట్టే తయారవుతుంది, ట్యాబ్ నొక్కితే ఆప్షన్లు రావడం దాని మీద ఆధారపడుతుంది. ఉంచేసినా ఏదీ విరగదు, మార్పు సగంలో ఆగినట్టవుతుంది, అంతే.

డాక్యుమెంటేషన్‌లో సినాప్సిస్ లైన్, -హెచ్ చూపే మొదటి యూసేజ్ లైన్ ఒకేలా ఉండాలి. టీ0450 ఆ రెంటినీ పోలుస్తుంది. మీరు నడిపిన మూడింటిలో అది లేదు. టీ0012 కూడా నడపండి, ప్రతి బిల్టిన్ -హెచ్‌కి సరిగా జవాబిస్తుందా అని చూస్తుంది. యూసేజ్ ఇప్పుడు ఒక స్ట్రింగ్ కాదు, స్ట్రింగుల వరస. చివర నల్ మరిచిపోతే అక్కడే బయటపడుతుంది, పడకపోతే ఇంకా చెడ్డది.

క్వయట్ సంగతి. ఫంక్షన్ మొదట్లోనే క్వయట్ = !ఈజాటీ(2) అని ఉంది, అంటే స్టాండర్డ్ ఎర్రర్ టెర్మినల్ కాకపోతే మొదలే 1. ఆప్ట్__క్వయట్ లోపల ఉన్నది ఆప్ట్_కౌంట్అప్, ప్రతి -క్యూకి ఒకటి కలుపుతుంది. కాబట్టి విలువ 2 అవుతుంది. వాడే చోట !క్వయట్ అని మాత్రమే చూస్తారు గనక నష్టం లేదు. ఆప్ట్_బూల్ అయితే చదివేవాడికి తికమక ఉండదు. కొత్తగా వచ్చే --నో-క్వయట్ దాన్ని సున్నా చేసి టెర్మినల్ లేకపోయినా ప్రోగ్రెస్ చూపిస్తుంది. ఇది పనికొచ్చే రూపమే, ఉంచినా నాకు అభ్యంతరం లేదు. ఉంచితే మాత్రం డాక్యుమెంటేషన్‌లో --క్వయట్, --డ్రై-రన్, --రికవర్ మూడూ రాయాలి. పొడవాటి పేరు ఒకసారి బయటికి వెళ్తే వెనక్కి తీసుకోలేం.

---

నల్లతెర

పైన చెప్పినవన్నీ ఒప్పుకుంటూనే ఒక అడ్డు ప్రశ్న. ఈ మార్పు అసలెందుకు? అన్‌ప్యాక్-ఆబ్జెక్ట్స్ 2005 నాటి ప్లంబింగ్ కమాండ్, అంటే ఇతర కమాండ్లు లోపల వాడుకునేది. చేత్తో దీన్ని కొట్టేవాళ్ళు అరుదు. 99 పాళ్ళు పిలిచేది రిసీవ్-ప్యాక్, ఫెచ్-ప్యాక్. ఆ రెండూ ఎప్పుడూ ఒకే తీరులో, సమానం గుర్తు పెట్టి, పూర్తి పేరుతో పంపుతాయి. అంటే పార్స్_ఆప్షన్స్ ఇచ్చే సదుపాయాల్లో అసలు వాడుకరికి అందేది సున్నా. వచ్చే ప్రమాదాలు మాత్రం పైన ఉన్నాయి చూడండి. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఇలాంటి కమిట్ల కోసమే పుట్టి ఉంటుంది.

లూప్ ఉన్న చోట లూప్ ఉండనివ్వమని ప్యాచ్‌నే వెనక్కి పంపొచ్చు. ఫోర్క్ అన్నారు కాబట్టి ఇంకో మాట: పైనుంచి ప్రతిసారీ మార్పులు తెచ్చుకునేటప్పుడు ఈ ఫైల్‌లో కాన్‌ఫ్లిక్ట్ మీకు మీరు కొనితెచ్చుకున్నట్టే.

---

పాతకాపు

నల్లతెర గారి వాదన ఫోర్క్ విషయంలో సరైనదే. పైకి పంపే ఉద్దేశం లేకపోతే నేనూ వద్దనే అంటాను. అయితే "చేతి లూప్ భద్రం" అన్న ధ్వని మాత్రం ఒప్పుకోను. పాత లూప్‌లో --మాక్స్-ఇన్‌పుట్-సైజ్=ఏబీసీ ఇచ్చి చూడండి. స్ట్ర్‌టూమాక్స్ సున్నా ఇస్తుంది, సున్నా అంటే పరిమితి లేదు, కమాండ్ హాయిగా నడిచిపోతుంది. భద్రత కాదు అది, ఎవరూ అడగలేదంతే.

ఉంచాలనుకుంటే ఎలా రుజువు చేసుకోవాలో చెప్తాను. ఈ కమాండ్‌కి ఒక సుళువు ఉంది, ఎగ్జిట్ కోడ్ చూస్తే ఆప్షన్ లోపలికి వెళ్ళిందో గెంటేశారో తెలిసిపోతుంది. ఇన్‌పుట్‌గా /డెవ్/నల్ ఇవ్వండి. ఆప్షన్‌ను ఒప్పుకుంటే ముందుకెళ్ళి ప్యాక్ చదవబోయి, డేటా లేక 'ఎర్లీ ఈఓఎఫ్' అని 128తో చస్తుంది. ఆప్షన్ దగ్గరే ఆగితే యూసేజ్ చూపించి 129. సెగ్‌ఫాల్ట్ అయితే షెల్ 139 చూపిస్తుంది, బగ్_ఆన్ తగిలితే 134.

ఒక్క జాగ్రత్త. ఇదంతా ఏదో ఒక రిపాజిటరీ లోపల నిలబడి చేయాలి. బయట నడిపితే రిపాజిటరీ కాదని చెప్పి అన్నిటికీ 128 వస్తుంది, తేడా ఏమీ కనబడదు.

పాత కమిట్ కోసం 'గిట్ వర్క్‌ట్రీ యాడ్ ../పాత' చివర ఆ కమిట్ ఐడీ కూడా ఇచ్చి అక్కడొకటి, ప్యాచ్ ఉన్న చోట ఇంకొకటి బిల్డ్ చేయండి. రెండిటి బిన్-రాపర్స్ లోని గిట్‌తో ఒకే జాబితా నడిపి పోల్చండి. మీరు రాసిన ప్యాచ్‌ను బట్టి నాకు ఇలా రావాలి (ముందు పాతది, తర్వాత కొత్తది):

--స్ట్రిక్ట్ : 128, 128
--నో-స్ట్రిక్ట్ : 129, 128
--ప్యాక్_హెడర్=2,0 : 128, 128
--ప్యాక్_హెడర్ 2,0 (మధ్యలో ఖాళీ) : 129, 128
--నో-ప్యాక్_హెడర్ : 129, 139
--మాక్స్-ఇన్‌పుట్-సైజ్=ఏబీసీ : 128, 129
--మాక్స్=1000 : 129, 128
-ఎన్‌క్యూ (కలిపి) : 129, 128
ఉత్త -- : 129, 128
ఫలానా.ప్యాక్ : 129, 128

రెండు అంకెలూ వేరైన ప్రతి వరసకూ ప్యాచ్ రాసినవాళ్ళ దగ్గర జవాబు ఉండాలి. దిద్దుతాం, లేదా కావాలనే ఒప్పుకుంటున్నాం అని కమిట్ సందేశంలో రాస్తాం. మూడో దారి లేదు. -ఎన్‌క్యూ, ఉత్త --, ఖాళీతో విలువ, ఈ మూడూ పార్స్-ఆప్షన్స్ వాడే ప్రతి కమాండ్‌లో ఉన్నవే, ఒప్పుకోవచ్చు. 'నో-' రూపాలు రెండూ, ఫైల్ పేరూ 129కి తిరిగి రావాలి.

ఇక 4 జీబీ బగ్. దాన్ని పట్టడానికి 4 జీబీ ప్యాక్ తయారుచేయక్కర్లేదు. 4294967297 ఇవ్వండి, అంటే 4 జీబీకి ఒక బైట్ ఎక్కువ. కోసుకుపోతే కింద మిగిలేది 1. పరిమితి 1 బైట్ కాబట్టి ప్యాక్ హెడర్‌లోని 12 బైట్లు మింగగానే 'ప్యాక్ ఎక్సీడ్స్ మాక్సిమమ్ అలౌడ్ సైజ్' అని ఆగిపోతుంది. అంటే రెండు మూడు కమిట్లున్న రిపాజిటరీలో 'గిట్ ప్యాక్-ఆబ్జెక్ట్స్ --ఆల్ --ఎస్‌టీడీఅవుట్ </డెవ్/నల్ >పి.ప్యాక్' చేసి, కొత్తగా ఇనిట్ చేసిన ఖాళీ రిపాజిటరీలో ఆ ప్యాక్‌ను ఈ పరిమితితో విప్పితే చాలు. సరైన కోడ్ అయితే 0, మీ ప్యాచ్ అయితే 128. ఈ ముక్కను టీ5546లోనో టీ5300లోనో టెస్టుగా చేర్పించండి, సెకను కూడా పట్టదు.

చివరగా పుష్ దారి. రిసీవ్-ప్యాక్ ప్రతిసారీ అన్‌ప్యాక్-ఆబ్జెక్ట్స్‌నే పిలుస్తుందనుకోకండి. వచ్చిన వస్తువులు రిసీవ్.అన్‌ప్యాక్‌లిమిట్ కంటే తక్కువైతేనే పిలుస్తుంది, ఏమీ పెట్టకపోతే అది 100. అంతకు తగ్గకపోతే, ప్యాక్‌ను విప్పకుండా అలాగే ఉంచే ఇండెక్స్-ప్యాక్ దారి. కాబట్టి పెద్ద రిపాజిటరీని పుష్ చేసి "అంతా బాగుంది" అంటే మీరు ఈ ఫైల్‌ను తాకనే లేదు. చిన్న పుష్ చేయండి, లేదా ఆ లిమిట్‌ను 100000కి పెంచి చేయండి. ఆప్షన్ తప్పితే పుష్ చేసినవాళ్ళకు అన్‌ప్యాకర్ ఎర్రర్ అని, రిమోట్ వైపు నుంచి 'అన్‌ప్యాక్-ఆబ్జెక్ట్స్ అబ్‌నార్మల్ ఎగ్జిట్' అని వస్తుంది. ఏ ఆప్షన్ తప్పిందో ఆ మాటల్లో ఉండదు. గిట్_ట్రేస్=1 పెట్టి చూస్తే పిల్ల ప్రాసెస్‌కి ఇచ్చిన పూర్తి వరస కనిపిస్తుంది.

---

గోదారిగట్టు

జాబితా నడిపాను. పది వరసలూ మీరు రాసినట్టే వచ్చాయి, 4294967297 కూడా పడింది. ఇంకొక్క సందేహం. --మాక్స్=1000 సంగతి: దీన్ని 129కి తెచ్చే టెస్ట్ రాద్దామని టెస్ట్ ఫైల్‌లో పెట్టి చూశాను. అక్కడ ప్యాచ్ ఉన్నా లేకపోయినా ఆ రూపం చెల్లడం లేదు. టెర్మినల్‌లో కొడితే చెల్లుతోంది. ఎందుకలా?

---

పాతకాపు

టెస్ట్-లిబ్ మొదట్లోనే గిట్_టెస్ట్_డిస్‌అలౌ_అబ్రివియేటెడ్_ఆప్షన్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను ట్రూ చేస్తుంది. టెస్టుల్లో ఎవరూ సంక్షిప్త పేర్లు వాడకూడదని, రేపు కొత్త ఆప్షన్ చేరితే పాత సంక్షిప్తం రెండర్థాలై టెస్ట్ విరక్కూడదని 2019లో 2.22తో పెట్టిన కట్టుబాటు అది. మీ టెస్ట్‌లో ఆ ఒక్క కమాండ్ ముందు దాన్ని ఫాల్స్ చేసి నడపండి, టీ0040లో ఉదాహరణలున్నాయి.

అయితే ఆ రూపాన్ని 129కి తేవాలన్న పట్టు వదిలేయమంటాను. ఈ ఒక్క కమాండ్‌కి సంక్షిప్తాలు ఆపే మర్యాదైన స్విచ్ లేదు. కీప్_అన్‌నోన్_ఆప్ట్ ఫ్లాగ్ పెడితే సంక్షిప్తాలు ఆగుతాయి గానీ, తెలియని ఆప్షన్లన్నీ ఆర్గ్‌వీలో మిగిలిపోతాయి, వాటిని మళ్ళీ చేత్తో ఏరాలి. లూప్ తీసేసి లూప్ పెట్టినట్టే.

---

అర్ధవిరామం

సంక్షిప్తాల వల్ల నిజంగా ఇబ్బంది పడింది క్లోన్. --రికర్స్-సబ్‌మాడ్యూల్స్, --రికర్సివ్ ఒకదానికొకటి మారుపేర్లే అయినా, --రికర్స్ అని ఆపితే రెండర్థాలని గొణిగేది. అదే 2.22లో ఆప్ట్_అలియాస్ వచ్చి తీర్చింది. అన్‌ప్యాక్-ఆబ్జెక్ట్స్‌లో అలా మొదటి అక్షరాలు కలిసే జంట ఏదీ లేదు, రికవర్‌తో ఢీకొనేదీ లేదు. వదిలేయండి.

ప్యాచ్‌ను మూడుగా విడగొట్టమని మాత్రం రాయండి. మొదటిది ఉత్త మార్పిడి: పొడవాటి పేర్లు లేకుండా, -ఎన్, -క్యూ, -ఆర్ ఉన్నవి ఉన్నట్టే, నోనెగ్‌లతో, ఆర్గ్‌సీ తనిఖీతో, గిట్.సీ దిద్దుబాటుతో. ప్రిఫిక్స్ పారామీటర్‌ను ఇప్పుడు పార్స్_ఆప్షన్స్‌కి పంపుతారు కాబట్టి ఫంక్షన్ తలలో దాని పక్కనున్న అన్‌యూజ్డ్ పోవాలి. ఈ చీటీ మాత్రం న్యాయంగానే పోతుంది. రెండోది 4294967297 టెస్టు. నిజానికి ఇది మొదటి దానికంటే ముందే పెట్టొచ్చు, పాత కోడ్ మీద కూడా పాసవుతుంది కాబట్టి. మూడోది పొడవాటి పేర్లు, వాటి డాక్యుమెంటేషన్. దీని మీద వాదన వచ్చినా మొదటి రెండూ ఆగవు.

---

నల్లతెర

అలా విడగొడితే నాకూ అభ్యంతరం తగ్గింది. ఇదే ఊపులో ఇండెక్స్-ప్యాక్ మీద చేయి వేయకండి చాలు. దాని లూప్ ఇంతకు మూడింతలు పొడుగు, మీ పెద్ద పుష్‌లన్నీ వెళ్ళేది ఆ దారినే.